చేతులు చూపించిన రోజు

రొయ్య తల విరిచి, కాళ్ళ సందున బొటనవేలు దూర్చి, ఒక్క గుంజుతో పెంకు ఊడదీయాలి. రోజాకి ఆ పని కళ్ళు మూసుకున్నా వస్తుంది. ఆ పొద్దున మాత్రం ఆమె చూపు రొయ్యల మీద లేదు, బల్లకి అవతల నిలబడ్డ కూతురి మీద ఉంది. పదమూడేళ్ళ అలేఖ్య మూడు రొయ్యలు వలిచి బల్లకి ఆనుకుంటోంది. మళ్ళీ రెండు వలిచి ఆనుకుంటోంది. ఐసు నీళ్ళలో నాని వేళ్ళు ఉబ్బాయి, గోళ్ళ పక్కన చర్మం పగిలి ఎర్రగా ఉంది. పెదాల్లో మాత్రం ఎరుపన్నది లేదు.

"కాసేపు కూచోవే," అంది రోజా.

"కూచుంటే సత్తిబాబు మావయ్య అరుస్తాడుగా."

బందరుకీ సముద్రానికీ మధ్య ఉన్న ఆ పాలెంలో వేట సరిగా లేని ఇళ్ళన్నిటికీ గోవర్ధనరావు గారి రొయ్యల షెడ్డే దిక్కు. తెల్లారుజామున చెరువుల నుంచి సరుకు దిగుతుంది. కిలో వలిస్తే పన్నెండు రూపాయలు. ఒక్కో బల్ల ఒక్కో ఇంటిది. తల్లి తలలు విరుస్తుంటే పిల్ల పెంకు తీయాలి. జత లేని బల్ల వెనకబడుతుంది, వెనకబడ్డ బల్ల ఇంకో ఇంటికి పోతుంది. బడి వేళకి పిల్లలు నిమ్మతొక్కతో చేతులు రుద్దుకుని పరిగెడతారు. కూలి తల్లి చేతికే ఇస్తాడు గనక పిల్లలెవరూ తన దగ్గర పని చెయ్యట్లేదనేది గోవర్ధనరావు గారి లెక్క. ఎంత శుభ్రమైన లెక్కో!

మేస్త్రీ సత్తిబాబు షెడ్డు మధ్యకొచ్చి చప్పట్లు కొట్టాడు.

"అమ్మా, అందరూ వినండి. ఇవాళ బడికి డాక్టరమ్మ బండొస్తంది. మన బల్లల మీదున్న ఆడపిల్లలెవరూ బడికెళ్ళద్దు. మజ్జానం దాకా ఇక్కడే. కిలోకి రెండ్రూపాయలు ఎక్కువిమ్మన్నారు అయ్యగారు."

"ఎందుకంట?" అంది పక్క బల్ల దగ్గర్నుంచి రోజా అత్తగారు పెద్దింట్లమ్మ.

"పక్క మండలంలో పిల్లల చేతులు చూసి డాక్టరమ్మ ఏదో రాసిందంట. లేబరాఫీసోళ్ళొచ్చి షెడ్డుకి తాళం వేశారు. మనదీ మూసేస్తే ఏం తింటావే అత్తా, సముద్రపు నీళ్ళా?"

అతని మాటలో అబద్ధం లేదు, అదే దానిలోని దుర్మార్గం.

రోజా లోపల్లోపల తేలికపడింది కూడా. ఆ డాక్టరుకి ఎదురుపడటానికి ఆమెకి వేరే భయం ఉంది. కిందటి వానాకాలం ఆ బండే వచ్చి అలేఖ్యకి రక్తం తక్కువగా ఉందని చెప్పి, రోజుకొకటి వెయ్యమని ఐరన్ మాత్రలిచ్చింది. నాలుగు రోజులు వేసేసరికి పిల్లకి విరేచనం తారులా నల్లగా అయింది. పాలెంలో పుట్టి పెరిగిన వాళ్ళకి నలుపంటే ఏంటో చిన్నప్పట్నించీ తెలుసు. మొప్పలు నల్లబడ్డ రొయ్య లోపల్నించి కుళ్ళుతున్నట్టు లెక్క. అలాంటిది ఒకటి కనిపిస్తే రైతు చెరువు గట్టు మీదే కూలబడతాడు. "పిల్లకి నల్ల మొప్ప తగిలిందే, ఆ మందు మానిపించు," అని పెద్దింట్లమ్మ గుండెలు బాదుకుంది. రోజా మాత్రలన్నీ కాలవలో పారేసింది. బడిలో అడిగితే వేసుకుంటున్నానని చెప్పమని కూతురికి నేర్పింది.

అప్పట్నించీ పిల్ల పలచబడుతూనే ఉంది. ఏడో తరగతిలో లెక్కల్లో దాన్ని మించినవాళ్ళు లేరు. ఈ ఏడాది క్లాసులో తల బెంచీ మీద పెట్టి నిద్రపోతోందని, పరీక్షలో సగం కాగితం ఖాళీగా వదిలేసిందని కబురొచ్చింది. కరకట్ట ఎక్కితే ఆయాసం. పక్కింటి కళ్యాణ్‌కి ఆ డాక్టరు బండే కళ్ళజోడు ఇచ్చింది. అంతవరకూ మొద్దు వెధవని తన్నులు తిన్నవాడు ఇప్పుడు చివరి బెంచీ నుంచి బోర్డు చదివేస్తున్నాడు. వాడికి చేసిన మంచి తన పిల్లకి చెడెలా అయిందో రోజాకి అంతుబట్టలేదు. మరోసారి అడుగుదామంటే పారేసిన మాత్రలు గుర్తొచ్చేవి.

"అమ్మా, రొయ్యలు కనపడట్లేదే," అంది అలేఖ్య.

రోజా తలెత్తేలోపు పిల్ల మోకాళ్ళు మడతపడ్డాయి. పడటంలో చెయ్యి తగిలి టబ్బు బోర్లాపడింది. వలిచిన రొయ్యలన్నీ సిమెంటు గచ్చు మీద మురికి నీళ్ళలోకి జారాయి.

"ఒసే, సరుకు!" అని సత్తిబాబు పరిగెత్తుకొచ్చాడు. వచ్చాక పిల్లని చూసి గొంతు తగ్గించాడు. "టీ పట్టించు. పొద్దున్నే ఏం తినుండదు."

అతను వంగి మొదట రొయ్యల్ని ఏరుతున్నాడు. రోజా అది చూసింది. పిల్ల మొహాన నీళ్ళు కొట్టి, లేపి, భుజానికి ఆనించుకుంది.

"ఎక్కడికి?"

"బడికి."

"రోజా, బల్ల పోద్ది. తర్వాత నన్నడగద్దు."

పెద్దింట్లమ్మ కోడల్ని ఆపబోయి, మనవరాలి మొహం చూసి ఆగిపోయింది.

* * *

బడి వరండాలో బల్లలు వేసి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టారు. డాక్టరు హిమబిందు ఒక్కొక్కళ్ళ కనురెప్ప కిందకి లాగి చూస్తోంది. నర్సు గాయత్రి వేలు గుచ్చి రక్తం పరీక్ష చేస్తోంది. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో గోవర్ధనరావు గారు. బడికి మంచినీళ్ళ ప్లాంటు పెట్టించిన దాత గనక ఆయన ఎప్పుడొచ్చినా కుర్చీ వేస్తారు. ఇవాళ పనిగట్టుకుని వచ్చాడు.

రోజా పిల్లని నడిపించుకుంటూ రావడం చూసి హెడ్మాస్టరు వెంకట్రామయ్య గేటు దాకా ఎదురొచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది ఆయన బతుకు.

"ఇవాళ అలేఖ్య ఆబ్సెంటు కదమ్మా. జ్వరమని చెప్పేశాం. రేపు పంపించు," అన్నాడు మెల్లిగా.

"రేపటిదాకా ఉండేట్టు లేదండీ," అంది రోజా.

ఆ మాట డాక్టరు చెవిన పడింది. "ఎవరా పాప? ఇటు తీసుకురండి."

కనురెప్ప కింద చూడగానే డాక్టరు మొహం మారింది. గాయత్రి వేలు గుచ్చబోయి, గుచ్చడానికి పగుళ్ళు లేని చోటు కోసం వెతికింది.

"మేడమ్, హిమోగ్లోబిన్ ఐదు పాయింట్ తొమ్మిది," అంది గాయత్రి.

"పన్నెండు ఉండాలమ్మా! కిందటిసారి మాత్రలిచ్చాం కదా, వేశారా?"

అమ్మ నేర్పిన పాఠం అలేఖ్య ఒప్పజెప్పింది. "వేసుకుంటున్నానండి."

రోజా కూడా తలూపేసి ఊరుకుంటే సరిపోయేది.

"లేదండీ. అది అబద్ధం. నేనే చెప్పమన్నా. నల్లగా పోతంటే లోపల కుళ్ళుతందేమోనని బయమేసింది. కాలవలో పారేశా."

"పారేశారా?" డాక్టరు గొంతు పెరిగింది. "చదువుకోలేదా నువ్వు? ఎవర్నైనా అడగొచ్చు కదా! ఆ నలుపు ఒంటికి పట్టని ఇనుమమ్మా, అంతే. దానివల్ల ఏమీ కాదు."

"ఆ మాట మాత్రలిచ్చిన్నాడు చెప్పలేదేంటండీ?"

రోజా దెప్పడానికి అనలేదు. నిజంగానే అడిగింది. డాక్టరు గాయత్రి వైపు చూసింది. గాయత్రి తల దించుకుంది. "చెప్పాల్సిందమ్మా. వందల మందిని చూసే హడావిడిలో చెప్పలేదు. తప్పు మాదే," అంది డాక్టరు. తర్వాత అలేఖ్య నాడి పట్టుకుని, అరచేతులు తిప్పి చూసింది. "గుండె దడదడలాడుతోంది. ఇవాళే బందరు పెద్దాసుపత్రిలో చేర్పించాలి, రక్తం ఎక్కించాలి. మా బండిలోనే తీసుకెళ్తాం. సరే, ఈ చేతులేంటి ఇలా ఉన్నాయి?"

"చేపల ఇళ్ళ పిల్లలు కదండీ, ఇంట్లో పనీ అదీ..." అన్నాడు వెంకట్రామయ్య.

గోవర్ధనరావు గారు కుర్చీలోంచి లేచాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఎంతో ఆప్యాయత ఉంది.

"డాక్టరు గారూ, మా ఊరి పిల్ల. మీకెందుకండీ శ్రమ? బందర్లో మా తోడల్లుడి నర్సింగ్ హోముంది. నా కార్లో ఇప్పుడే పంపించేస్తా. ఖర్చంతా నాదే. ఏమ్మా రోజా, అంతే కదా?"

రోజాకి ఆశ పుట్టింది. పుట్టదా మరి? పెద్దాసుపత్రి వరండాలో కింద పడుకునే అవసరం ఉండదు, రక్తం కోసం వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలక్కర్లేదు. బల్ల కూడా నిలబడుతుంది. పిల్ల బతికితే చాలనుకునే తల్లికి ఇంతకన్నా ఏం కావాలి? కాని ఆయన చూపు అలేఖ్య మొహం మీద లేదు. చేతుల మీద ఉంది. తోడల్లుడి ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తారు, చేతుల గురించి ఒక్క ముక్క రాయరు. పిల్ల లేచి కూర్చున్న వారానికి మళ్ళీ బల్ల దగ్గర నిలబడుతుంది, తనే నిలబెడుతుంది.

"వద్దండీ," అంది. పిల్లని తన వైపు లాక్కుని మళ్ళీ అంది. "మీ కారొద్దండీ. డాక్టరమ్మ బండిలోనే వెళ్తాం."

"బల్ల సంగతి ఆలోచించుకునే మాట్లాడుతున్నావా?"

"ఆలోచించుకునేగా ఇన్నాళ్ళూ మాట్లాడలేదు." రోజా డాక్టరు వైపు తిరిగింది. "చేతులు షెడ్డులో ఇలా అయినాయండీ. తెల్లారుజామున నేనే లేపి తీసుకెళ్తన్నా. దీనొక్కదానివే కాదు. జ్వరాలని చెప్పిన పిల్లలంతా ఇప్పుడక్కడే ఉన్నారు. బందరు పోయే దార్లోనేనండీ, బండాపి చూడండి."

గోవర్ధనరావు గారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని వరండా దిగాడు.

* * *

బండి షెడ్డు దగ్గరికి చేరేసరికి షట్టరు కిందకి దించేసి ఉంది. సత్తిబాబు ముందు నిలబడి బీడీ వెలిగిస్తున్నాడు.

"ఇవాళ సరుకు రాలేదండీ. లోపలెవరూ లేరు," అన్నాడు.

షట్టరు కింది నుంచి ఐసు నీళ్ళు, రొయ్యల పొట్టు కాలవ కట్టి అతని చెప్పుల మధ్య నుంచే పారుతున్నాయి. డాక్టరు తాళం తీయమంది. అయ్యగారి దగ్గరుందన్నాడు. ఆమె లేబరాఫీసుకి ఫోను చేసి, షెడ్డు పేరు, పిల్లల సంగతి చెప్పింది. అవతలివాళ్ళు వస్తామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. వెనక సీట్లో అలేఖ్య తల్లి ఒళ్ళో పడుకుని ఎగశ్వాస పీలుస్తోంది. ఇంక ఆగడానికి లేదు.

"మీరు వెళ్ళండి మేడమ్. వాళ్ళొచ్చేదాకా నేనుంటా," అని గాయత్రి తన పెట్టె తీసుకుని కిందకి దిగింది.

రోజా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అత్తా! అలేఖ్యని పెద్దాసుపత్రికి తీసుకెళ్తన్నాం! ఆ నలుపు రోగం కాదంట! మన పిల్లల్ని బయటికి పంపించండే!"

లోపల అలికిడి లేదు. సత్తిబాబు నవ్వాడు. డ్రైవరు గేరు మార్చాడు. బండి కదిలి గజం దూరం పోయిందో లేదో, లోపల్నించి ఎవరో షట్టరు రేకు మీద గట్టిగా కొట్టారు. ఆగి మళ్ళీ కొట్టారు. తర్వాత ఒక్క చెయ్యి కాదు, చాలా చేతుల చప్పుడు.

సత్తిబాబు బీడీ పారేసి షట్టరుకి వీపు ఆనించి నిలబడ్డాడు. గాయత్రి పెట్టె కింద పెట్టి అతనికి ఎదురుగా నిలబడింది.