రాహుకాలంలో అతిథులు

ఆ శుక్రవారం ఇంట్లో లక్ష్మీకాంత్ మామయ్య, భానుశ్రీ అత్తయ్య, వాళ్ళమ్మాయి రుచిత, శ్రీలంక నుంచి వచ్చిన ఇద్దరు బౌద్ధ భిక్షువులు ఉన్నారు. నేనూ ఉన్నాను, లెక్కలో వేస్తే. పదో తరగతి పాసై, ఇంటర్ విజయవాడలో చదువుకుందామని అమరావతి నుంచి సంచీతో వచ్చాను. ఉంచుకునేదీ లేనిదీ అత్తయ్య ఇంకా తేల్చలేదు. "నోరెత్తకుండా ఉండు, ఉంచుకుంటారు" అని అమ్మ చెప్పి పంపింది. నోరెత్తకపోవడం నాకు బాగా వచ్చిన విద్య.

మామయ్య మా ఊరి పక్కన ప్లాట్లు వేశాడు. పేరు 'బుద్ధ వైభవ్'. భిక్షువులకు భోజనం పెట్టి, కారులో తీసుకెళ్ళి, ఆ ప్లాట్లలో నిలబెట్టి ఫోటోలు దిగాలని ఆయన ఆశ. వాళ్ళు పదకొండుకే వచ్చారు. వంటా అయింది. కానీ అత్తయ్య వడ్డించలేదు.

"రాహుకాలమండీ! పన్నెండు దాటనివ్వండి" అంది.

ఈలోగా మామయ్య చరిత్ర అందుకున్నాడు. "శాతవాహనాస్ క్యాపిటల్ సార్! పక్కా వాస్తు. మా ప్లాట్లూ అంతే, ఆల్ ఈస్ట్ ఫేసింగ్!"

మా ఊరి బౌద్ధ స్తూపం, మహాచైత్యం, తాజ్‌మహల్ కంటే ఎత్తన్నాడు. ఆయన దాన్ని కారు దిగి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడక్కడ ఉన్నది గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాతి పలకలు. మంచి శిల్పాలు చెన్నైకీ లండన్‌కీ ఎప్పుడో వెళ్ళిపోయాయి. మా ఊరి రాళ్ళకున్న అదృష్టం మనుషులకు లేదు. మొన్నమొన్న కట్టిన సిమెంటు ధ్యానబుద్ధుణ్ణి కూడా మామయ్య శాతవాహనుల ఖాతాలోనే వేశాడు.

పెద్ద భిక్షువు గడియారం వైపు చూశాడు. "దుబాయ్‌ది సార్" అన్నాడు మామయ్య.

ఊళ్ళో మా వీధి చివర భిక్షువులు ఉంటారు. మధ్యాహ్నం పన్నెండు దాటితే వాళ్ళు మర్నాటిదాకా అన్నం ముట్టరు. వంటింట్లోకి వెళ్ళి అత్తయ్యకు అదే చెప్పాను.

"నీకెవరు చెప్పారే?"

"మా ఊళ్ళో..."

"మీ ఊరి సంగతి మీ మామయ్య చెబుతున్నారుగా!"

రుచిత ఫోన్లోంచి తలెత్తి, "గైడమ్మ వచ్చింది మమ్మీ" అంది.

పన్నెండుకు ఇంకో పావుగంటే ఉంది. అత్తయ్య పూజగదిలోకి వెళ్ళగానే పులిహోర గిన్నె, అరటిపళ్ళు తీసుకెళ్ళి భిక్షువులకు అందించాను. వాళ్ళు మారుమాట లేకుండా తిన్నారు. మామయ్య చరిత్ర అక్కడికి ఆగింది.

పన్నెండు దాటాక అత్తయ్య గారెలతో, బొబ్బట్లతో, వెండి కంచాలతో ప్రత్యక్షమైంది. వాళ్ళు నవ్వి, తల అడ్డంగా ఊపారు. ఈ అమ్మాయి పెట్టింది, చాలని చిన్న భిక్షువు ఇంగ్లీషులో చెప్పాడు.

అత్తయ్య నన్ను పక్కకు లాగింది. "రాహుకాలంలో పెట్టావా? నా ఇంట్లో, నా గిన్నెతో?"

"పోన్లేవే, వాళ్ళు పస్తుండలేదుగా" అని మామయ్య గొణిగాడు.

"మీరూరుకోండి. ఆ ప్లాట్లు ఎలా అమ్ముడవుతాయో నేనూ చూస్తా!"

కారు గేటు ముందుకొచ్చింది. భిక్షువులు మధ్య సీట్లో కూర్చున్నారు, మామయ్య ముందు ఎక్కాడు. అత్తయ్య నా సంచీ తెచ్చి చివరి సీట్లో పడేసింది.

"ఎలాగూ అమరావతేగా వెళ్ళేది. ఎక్కు."

ఎక్కాను. "మరి కాలేజీ, అత్తయ్యా?"

"పల్లెటూరి బళ్ళోనే ఇంత తెలివొచ్చింది, ఇంక విజయవాడ ఎందుకమ్మా నీకు?" అని కారు తలుపు వేసేసింది.