మీసాల ఆడబిడ్డ

నా పెళ్ళాం ఎల్లవ్వకు పడవ పిచ్చి పట్టించింది ఆమె పనిచేసే ఇంటి మేడమ్. ఎండాకాలంలో పిల్లల్ని చూసుకోవడానికి గ్రీసు దేశానికి వెంట తీసుకెళ్ళి, ఒక రోజు పెద్ద పడవలో దీవికి తిప్పింది. తెల్లటి ఇళ్ళు, నీలం తలుపులు, మెట్లమీద పడుకున్న పిల్లులు. తిరిగొచ్చాక దోహా పక్కన అల్ వుకైర్‌లో ఉన్న ఆ ఇంటి ఫోన్లోంచి గుసగుసగా ఇదంతా చెప్పి, "మంచిగనే ఉండె గని, నువ్వు లేవు," అంది. ఆ మాట క్యాంపులో నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దుబాయ్‌లోనే ఉన్నారు, వాళ్ళకేం తక్కువ అని ఊళ్ళో మా మీద కుళ్ళుకుంటారు. ఊళ్ళోవాళ్ళకు గల్ఫంతా దుబాయే, మేమున్నది ఖతర్‌లో. ఆమె అరబ్బుల ఇంట్లో, నేను బిల్డింగు పనివాళ్ళ క్యాంపులో. ఏడాదికోసారి ఎదురుపడితే గొప్ప. అందుకే మేడమ్ ఒక శుక్రవారం పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు దాకా సెలవిస్తే, గ్రీసు కాకపోతే పీడాపోయె, దోహా తీరానికి ఎదురుగా ఉన్న చిన్న దీవికైనా తీసుకెళ్దామనుకున్నాను.

వాళ్ళింటి డ్రైవర్ ఈరన్న, కర్నూలు వైపు మనిషి, ఆమెను రేవులో దింపి వెళ్ళిపోయాడు. టిక్కెట్లు తీసుకుని పడవ దగ్గరికి వెళ్తే, తాడు కట్టిన చోట కాపలా పఠాన్ అడ్డం నిలబడ్డాడు. శుక్రవారం ఫ్యామిలీలకే, బ్యాచిలర్లకు మాఫీ, అంటే లేదు పొమ్మన్నాడు. ఈమె నా పెళ్ళామే అన్నాను. అలా చెప్పే మగాళ్ళను రోజూ చూస్తున్నానన్నాడు. కార్డులు చూస్తే ఆమె యజమాని వేరు, నా కంపెనీ వేరు. నన్ను దూరంగా నిలబెట్టి, నా కార్డు చేత్తో పట్టుకుని ఎల్లవ్వ వైపు తిరిగాడు. నీ మొగుడి పేరేంటో చెప్పు, వదిలేస్తానన్నాడు.

మొగుడి పేరు నోట తీస్తే వాడి ఆయుష్షు తగ్గుతుందని ఎల్లవ్వ నమ్మకం. నా పేరు లస్మయ్య గనుక పక్కింటి లస్మవ్వను కూడా "ఆ అక్క" అనే పిలిచేది. పెళ్ళయి గడప దాటేటప్పుడు ఆడబిడ్డలు అడ్డం నిలబడి పేరు చెప్తేనే లోపలికి అంటారు కదా, ఎంత సిగ్గరి పెళ్ళికూతురైనా అప్పుడు చెప్పేస్తుంది. ఈమె చెప్పలేదు. దీపాలు పెట్టే వేళ దాకా అట్లాగే నిలబడితే, మా అక్కకే కాళ్ళు నొప్పి పుట్టి తప్పుకుంది. ఇప్పుడేమో మీసాలున్న ఆడబిడ్డ వచ్చి నిలబడ్డాడు. వీడికి కాళ్ళ నొప్పులు వచ్చేలా లేవు.

పడవ ఇంజను మొదలైంది. అంతంత ఎత్తు పరంజాల మీద పనిచేసే మొగుడి పేరు తీయడమంటే ఆమెకు ఎంత భయమో నాకు తెలుసు. కోపమొచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం. పోనీలే, రేవులోనే కూర్చుందాం అనబోయాను. అంతలో ఎల్లవ్వ పఠాన్ దగ్గరికి నడిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. నాకు వినపడలేదు. పఠాన్ కార్డు చూసి, తాడెత్తి, యల్లా, పదండి అన్నాడు.

తగిలీ తగలకుండా పక్కపక్కన కూర్చున్నాం. దోహా మేడలు వెనక్కి జరిగి ఎండపొగలో కరిగిపోయాయి. వాటిలో నేను కట్టినవేవో నాకే తెలియలేదు. గోదావరి దాటేటప్పుడు వేసినట్టు ఎల్లవ్వ ఒక నాణెం సముద్రంలో వేసి, చాలాసేపు కళ్ళు మూసుకుంది.

దీవి అంటే కాసిని ఖర్జూరపు చెట్లు, ఇసుక, అంతే. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, ఆమె దొంగచాటుగా చేసి తెచ్చిన సర్వపిండి తిన్నాం. గ్రీసు దీవిలో ఏవి ఎక్కడుండేవో చేత్తో చూపించింది. అటు తెల్లటి మెట్లు, ఇటు నీలం తలుపులు. కాసేపటికి నాకూ కనిపించాయి. ఒక పిల్లి వచ్చి పక్కన పడుకుందనిపించింది. ఆమె భుజానికి ఆనుకుని నిద్రపోయాను. ఖతర్ వచ్చాక అంత సుఖంగా ఎన్నడూ పడుకోలేదు.

తిరుగు పడవలో, పఠాన్‌కు చెప్పింది నాకూ చెప్పమని బతిమాలాను. నీకెందుకని మొహం తిప్పుకుంది. రేవులో దిగాక, ఈరన్న కారు కనిపించాకే నోరు విప్పింది.

"పేరు దీసిన గద. నీ ఆయుష్షు తగ్గుతదని గంగమ్మకు మొక్కిన. తగ్గినంత నా దాంట్లకెల్లి పొయ్యుమన్న."

నాణెం సంగతి అప్పుడర్థమైంది. పిచ్చిదానా అని తిడదామనుకున్నాను గానీ ఏడుపొచ్చింది.

"ఇంకొక్కపారి పేరువెట్టి పిలువు," అన్నాను. "ఈపారి పోతే నాదే పోనీ. ఎవ్వలకు మొక్కకు."

ఈరన్న హారన్ కొట్టాడు. మసీదులో మగ్రిబ్ పిలుపు మొదలైంది. ఎల్లవ్వ కారు దాకా వెళ్ళి, తలుపు పట్టుకుని, కొంగు అడ్డం పెట్టుకోకుండా నా వైపు తిరిగింది.

"లస్మయ్యా," అంది. "పైలం."

ఫోర్‌మన్ పేరు పెట్టి కేకేస్తే ఎంత ఎత్తులో ఉన్నా ఉలిక్కిపడి పలికేవాణ్ణి. ఆ సాయంత్రం మాత్రం పలకడం మరిచిపోయి, కారు పోయినా అక్కడే నిలబడ్డాను.