చప్పిడి మజ్జిగ

నేను ఒక ఉప్పు జాడీని. బట్టీలో కాలి, తెల్లటి మెరుగు పూయించుకుని, గడ్డిలో చుట్టుకుని విజయనగరం జాతరకు అమ్మకానికొచ్చాను. నన్ను కొన్నది పైడమ్మ అత్తగారు. ఆమె పోయాక పైడమ్మ చేతికి వచ్చాను. ఉప్పు అయిపోయిందన్న మాట ఈ ఇంట్లో ఎవరూ పైకి అనరు. అందుకని నా కడుపు ఏనాడూ ఖాళీగా లేదు.

పైడమ్మకు ఒక్కడే కొడుకు, ఆసిరినాయుడు. జూట్ మిల్లులో పని. ఒకసారి మిల్లుకొచ్చిన డాక్టరమ్మ అతనికి బీపీ ఉందని చెప్పింది. ఇంకా మాత్రల దాకా రాలేదట. ఉప్పు తగ్గించి, బీడీ మాని, రోజూ నడిస్తే దిగవచ్చట. మూడు నెలలు చూసి, దిగకపోతే మాత్ర మొదలెడదామందట.

ఆ రోజు నుంచి పైడమ్మకు ముద్ద దిగలేదు. మాత్ర పట్టుకుంటే కట్టె కాలేదాకా వదలదని ఆమె భయం. ఆమె మొగుడు మాత్రల డబ్బా తలకింద పెట్టుకునే పోయాడు. కొడుక్కి ఆ గతి వద్దని కనపడ్డ దేవతకల్లా మొక్కింది.

ఆసిరినాయుడు మాట మీద నిలబడ్డాడు. బీడీకట్ట పొయ్యిలో వేశాడు. తెల్లారితే బైపాసు దాకా నడక. అతని భార్య గౌరి ఆవకాయ, ఎండుచేపలు పుట్టింటికి పంపేసి, కూరల్లో ఉప్పు సగానికి సగం తగ్గించింది. మీ వరకు మీరు వేసుకోండి అని నన్ను అత్తగారి గూట్లో పెట్టింది.

మొదట్లో అతను కంచంలో సగం వదిలేసేవాడు. అది పైడమ్మ కంట పడింది. బిడ్డ మెడ సన్నబడిందనుకుంది, దగ్గితే నీరసమనుకుంది. సైంధవ లవణం బీపీని ఏమీ చెయ్యదని పక్కింటావిడ చెప్పింది. ఉపవాసాల్లో తినేది ఉప్పెలా అవుతుందంది. పైడమ్మకు అది దేవుడు చెప్పినట్టే వినపడింది. నాలోని ఉప్పు ఒంపేసి సైంధవం నింపింది. సాయంత్రం కొడుక్కి మజ్జిగ కలిపిచ్చేది ఆమే. చిటికెడుతో మొదలైంది, తర్వాత మూడువేళ్లకు పట్టినంత. రంగు మారినంత మాత్రాన ఉప్పు ఉప్పు కాకుండా పోదని నాకు తెలుసు. కానీ జాడీ నోరు తీసుకోడానికే గానీ చెప్పడానికి కాదు.

"సప్పిడికి నాలిక అలవాటైపోనాదే అమా," అన్నాడు ఒకనాడు కొడుకు, మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి. ఆమె మురిసిపోయింది.

గడువు నిండేసరికి బీపీ దిగలేదు సరికదా, కాస్త ఎక్కింది. అతను తిన్నగా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"గౌరీ, నిజిం సెప్పు. ఉప్పేత్తన్నావా?"

"నానెయ్యలేదు. పిల్లల మీద ఒట్టు."

"మరెవులేసినారు? మాయమ్మేసిందా?"

పైడమ్మ అక్కడే పీట మీద కూర్చుని ఉంది. తను వేసింది ఉప్పు కాదు కదా. అందరితో పాటు ఆమె కూడా కోడలి వైపే చూసింది. ఆ పూట గౌరి అన్నం తినలేదు. ఇంత నడిచినా దిగనిది ఇక దేనికని అతను నడక మానేశాడు. బీడీ మళ్లీ పట్టాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మాత్ర, నీళ్లు పైడమ్మే అందిస్తుంది. అది గొంతు దిగేదాకా కొడుకు ముందు నుంచి కదలదు. సాయంత్రం మజ్జిగ కలుపుతూ నా మూత మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

"మాత్రేసుకుంతన్నాడు గదా, ఇంకేటి బయం," అని తనకు తనే చెప్పుకుని, మునుపటి కంటే ఇంకాస్త ఎక్కువే తీస్తుంది.