ఇంటికొక రేకు

ఇది నా కండ్లారా చూసిన సంగతి, తమ్ముళ్ళారా. వాన కుమ్మరిస్తా ఉంటే, మీనాంబక్క మగ్గం కొట్టం మీద కొత్తగా ఏసిన రెండు రేకుల్ని తాసిల్దారు మనుషులు ఊడపీకి పారేసినారు. మగ్గం గుంటలోకి నీళ్ళు దిగినాయి. సగం నేసిన చీర తడిసి ముద్దయింది. గుంటలో కాళ్ళు పెట్టి నేసేదానికి గుంటే నిండితే ఇంకేం బతుకు!

ఏం తప్పు చేసింది ఆయమ్మ? కనకమ్మ సత్రం పక్కన విమానాశ్రయం వస్తాదంట. సర్కారోళ్ళు గీసిన గీత లోపల మా వీధి పడింది. గీత లోపల ఎవురూ ఇల్లు కట్టకూడదు, కప్పు మార్చకూడదు. దానికొక చట్టం తెచ్చి ఆర్నెల్లే అన్నారు. ఆర్నెల్లు కాగానే చట్టాన్ని ఇంకో ఆర్నెల్లు పొడిగించినారు, ఆ పని చూసే ఆఫీసుకి నిధులతో సహా. తాత్కాలికమంట! ఇటుక మీద ఇటుక పెట్టింది లేదు, ఆఫీసు జీపులు మాత్రం తిరగతానే ఉండాయి.

మేమేం చేసినామో చెప్పేదానికి సిగ్గుగా ఉంది. గడువు తీరే దినాన మగ్గాలకు పసుపుకుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, పొంగలి పంచుకునేవాళ్ళం. పొద్దుగూకేసరికి పొడిగించినారని సెల్లులో వచ్చేది. ఒకసారి కాదు, అయిదుసార్లు! అయిదు టెంకాయలు కొట్టినాము గానీ మీనాంబక్క తప్ప ఎవురూ ఒక్క రేకు ఏసుకోలేదు. మా తెలివి తెల్లారినట్టే ఉండింది.

రేకులు పీకిన మర్నాడు వీధంతా మీనాంబక్క వాకిట్లో చేరింది. పెద్దాయన వెంకటాచలం మామ ఎప్పటి మాటే అన్నాడు.

"ఓర్చుకోండ్రా. ఇంకా నలభై దినాలే. చట్టం దానంతట అదే పోతాది."

"నువ్వు చెప్పిన ప్రతిసారీ నేను నమ్మినా మామా," అనింది మీనాంబక్క, బురద చేతుల్తోనే. "వాన నమ్మలేదే! నా కాళ్ళు యాడ పెట్టుకొని నెయ్యాల?"

మణవాళనగర్ ఫ్యాక్టరీలో యూనియన్ నడిపే దేవేంద్రన్ లేచినాడు. "వాళ్ళు మనల్ని కొట్టి తరమక్కర లేదక్కా. కప్పులు కూలేదాకా కాసుకోని ఉంటే చాలు, మనమే మూటలు కట్టుకోని పోతాము."

"జైల్లో ఏస్తే? బిడ్డల గతేంది?" అని ఒకరు. "ముందు కలెక్టరుకి అర్జీ పెడదాం," అని ఇంకొకరు. "ఎన్ని అర్జీలురా సామీ!" అని వెనక నుంచి కేక. పెద్ద రభస.

అప్పుడు మీనాంబక్క పక్కింటి సుగంధి గొంతు లేచింది. "వీధిలో పడుగు నూలు సాగదీసి గంజి పెడితే అది ఎవురిదని అడగతామా? ఆరేలోపల ఇంటికొక మనిషి వచ్చి కుంచె పడతాము గదా. కప్పుకి మాత్రం ఎవురి కప్పని ఎందుకు అడగాల?"

తరాలుగా చేస్తా ఉండే పని, మాకే తట్టలేదు చూడండి!

సోమవారం పొద్దున ఇంటికొక మనిషి, ఇంటికొక రేకు. తడిక తీసి తెచ్చినోళ్ళు, స్నానాల గది రేకు ఊడదీసి తెచ్చినోళ్ళు. పదిగంటలకంతా మీనాంబక్క కొట్టం కప్పు నిండింది. పదిన్నరకు పోలీసు వ్యాను వచ్చింది.

"ఎల్లారుం కీళ ఇరంగు!" అందరూ కిందికి దిగండని అరవంలో ఇన్‌స్పెక్టరు అరిచినాడు. కప్పు మీదోళ్ళు దిగలేదు. దేవేంద్రన్‌ని కాళ్ళు పట్టి లాగినారు. మీనాంబక్కని జుట్టు పట్టి వ్యాన్లోకి తోసినారు.

నిచ్చెన కొసాన వెంకటాచలం మామ కనిపించినాడు. "పెద్దాయనా, నువ్వైనా చెప్పు వీళ్ళకి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. మళ్ళా ఓర్చుకోండ్రా అంటాడేమో అనుకున్నాను.

"ఈ మూల రేకు నేనే ఏసినాను సారూ," అన్నాడు మామ. "ఇంకో మేకు ఉంది. కొట్టేసి వస్తాను, ఉండు."

కొట్టినాడు. దిగినాడు. తనే పోయి వ్యాన్లో కూర్చున్నాడు.

వ్యాను వీధి మలుపు తిరగలేదు, సుగంధి ఇంటికి నిచ్చెన ఆనించినాము. సుత్తి దెబ్బ వినపడి వ్యాను ఆగింది. మేము ఆగలేదు.