ఏ రోజు కష్టం?

పదహారో ఇంటి గడప దగ్గర పెద్దకోడలి చెప్పు తెగింది. మిట్టమధ్యాహ్నం, రేకుల ఇళ్ళ వరస, చంకలో సర్వే కాగితాలు. ప్రజారోగ్య పరిశోధన సంస్థలో పదకొండేళ్ళుగా ఆమెది ఇదే పని. నూలుమిల్లు కార్మికుల ఇళ్ళకు వెళ్ళి "దగ్గుందా?" అని అడగడం, "లేదు" అని రాసుకోవడం. రోజుకు నాలుగు వందలు.

ఎదురింటి అరుగు మీద తోడికోడలు కూర్చుని ఉంది. అదే సంస్థలో నిన్నగాక మొన్న పరిశోధకురాలిగా చేరింది. ఫారం నింపడం నేర్పింది పెద్దకోడలే. ఇప్పుడు జీతం మూడింతలు దానికి, రిపోర్టు మీద పేరూ దానిదే. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే కాబోలు.

"అక్కా, చెప్పు తెగిందా? నావి వేసుకో."

"అక్కర్లేదు."

చిన్నది ఇంటావిడ వైపు తిరిగింది. "వారంలో ఏ రోజు కష్టంగా ఉంటుంది పిన్నీ?"

"సోమవారమేనమ్మా. ఆదివారం సెలవు కదా, హాయిగా ఉంటుంది. మర్నాడు ఆ దూదిధూళిలోకి వెళ్ళానంటే గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టే."

వరసంతా ఇదే జవాబు. సెలవు తర్వాత మొదటి రోజే ఊపిరి పట్టేయడం దూదిధూళి జబ్బుకు గుర్తు.

పెద్దకోడలికి ఒళ్ళు మండింది. ఇదే మనిషి తనతో ఏటేటా "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అంది! దగ్గుందంటే మిల్లులోంచి తీసేస్తారు. అది తెలిసీ తాను ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకు వేళ్ళాడింది. ఈ పిల్లకు తట్టింది తనకెందుకు తట్టలేదు? కుళ్ళంటే కుళ్ళే, దానికి వేరే పేరెందుకు?

సాయంత్రం ఆఫీసులో పెద్దసారు ఆమెను కూర్చోమన్నాడు. పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి.

"మీ తోడికోడలి లెక్కన మిల్లులో సగంమందికి ఊపిరితిత్తులు పాడయ్యాయట. మిల్లువాళ్ళు గొడవ చేస్తున్నారు. మీ కాగితాల్లో ఒక్కరికీ ఏమీ లేదు కదా? ఆ అమ్మాయి జవాబులు సొంతంగా రాసుకుందని ఒక్క సంతకం పెట్టండి. తనని పంపేసి, సూపర్‌వైజరు పని మీకిస్తాం."

ఒక్క క్షణం నోరూరింది, దాచడమెందుకు. "మా చిన్నకోడలు" అంటూ మురిసిపోయే అత్తగారి మొహం మాడిపోవడం కళ్ళకు కట్టింది. సంతకం పెట్టకపోతే తన పదకొండేళ్ళ నడక బూడిదలో పోసిన పన్నీరే.

పెన్నుకు మూత పెట్టేసింది.

"దగ్గుందంటే పని పోతుందని వాళ్ళు లేదన్నారు. నేను రాసేసుకున్నా. నా కాగితాలే తప్పు సార్."

"ఆలోచించుకోండి. ఆ అమ్మాయంటే మీకు పడదని అందరికీ తెలుసు."

"అదంటే నాకు కుళ్ళే సార్. ఇవాళ ఇంకాస్త ఎక్కువైంది. కానీ వాళ్ళ సోమవారం నిజం."