నిద్రపట్టని వాళ్ళకి

ఆ అమ్మాయికి గిలక అని పేరు పెట్టింది వాళ్ళ నాన్న. పుట్టిన దగ్గర్నుంచీ మోగుతూనే ఉండేదట. నిద్రలో కూడా ఎవరితోనో వాదించేది. అలాంటి పిల్ల డిగ్రీ అయ్యాక గ్రంథాలయ శాస్త్రంలో చేరతానంటే, వాళ్ళమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"నోరు మూసుకుని కూర్చునే చదువే అది. నువ్వా?"

"అందుకేనమ్మా. అక్కడ మిగతావాళ్ళంతా నోరు మూసుకుంటారుగా. నాకు పోటీ ఉండదు."

కోర్సులో ఆన్‌లైన్ సాధనాలు, సోషల్ సైట్ల గురించి ఒక సబ్జెక్టు ఉంది. అది చెప్పే మాస్టారు పాతకాలం మనిషి. ఆయన నోట్సు ఇంకా పాతది. ఆయన గొప్పగా వర్ణించిన సైట్లలో సగం ఎప్పుడో మూతబడ్డాయి. మిగతా సగం తెరిచి చూస్తే దోమతెరల ప్రకటనలు వచ్చాయి. గిలక ఊరుకోలేదు.

"సార్, మీరు చెప్తున్న సైటు చచ్చిపోయి చాలా ఏళ్ళయింది."

"సిలబస్‌లో బతికే ఉందమ్మా," అన్నారు మాస్టారు తొణక్కుండా. "పరీక్షలో కూడా బతికే ఉంటుంది. అలాగే రాయి."

అయితే ఆయన న్యాయం తెలిసిన మనిషి. ప్రాక్టికల్స్‌కి మాత్రం నోట్సులో లేనిదేదైనా చేసి చూపించమన్నారు. ఒక్కొక్కరు ఒక్కో గ్రంథాలయానికి వెళ్ళాలి, ఈ ఆన్‌లైన్ సాధనాలతో అక్కడి పాఠకులకి నిజంగా పనికొచ్చేదేదో ఒకటి చేయాలి. గిలక వాటాకి ఊళ్ళో ఉన్న పెద్ద గ్రంథాలయం వచ్చింది.

పెద్దది అంటే భవనం పెద్దది. పాఠకులు మాత్రం పొద్దున పేపర్ల కోసం కొందరు, మధ్యాహ్నం ఫ్యాను కోసం కొందరు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గ్రంథాలయ కమిటీ చైర్మన్‌గారి నిలువెత్తు ఫోటో. దాని కింద అద్దాల బీరువా. బీరువా నిండా ఆయన రాసుకున్న ఆత్మకథ, 'శిఖరం ఎక్కిన పాదాలు'. తొమ్మిది వందల పేజీల పుస్తకం, ఇరవై కాపీలు. ఒక్కటి కూడా ఎప్పుడూ బీరువా దాటి పోలేదు. ఒకసారెవరో తీసుకెళ్ళారు గానీ మర్నాడు తలుపు తీయకముందే మెట్ల మీద పెట్టి పోయారు.

గ్రంథాలయాన్ని నడిపేది ఒక మేడమ్. మంచి మనిషి, మహా భయస్తురాలు. చైర్మన్‌గారి కారు హారన్ వినబడితే చాలు, కూర్చున్న కుర్చీని కూడా సర్దేది. గిలక చెప్పిందంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే: "దీనివల్ల ఎవరైనా మనల్ని తిడతారా?"

"ముందు మనల్ని ఎవరైనా పట్టించుకోవాలి కదా మేడమ్."

పట్టించుకోలేదు. గిలక గ్రంథాలయం పేరుతో పేజీ తెరిచి కొత్త పుస్తకాల ఫోటోలు పెడితే ముగ్గురికి నచ్చింది. ఒకరు వాళ్ళమ్మ, ఒకరు వాళ్ళ పిన్ని, మూడోవాడు నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాడు. తర్వాత మేడమ్‌తో ఓ చిన్న వీడియో తీసింది. కెమెరా చూడగానే ఆవిడ పోలీస్ స్టేషన్లో ఫోటో దిగుతున్నట్టు గోడకి అంటుకుపోయి, "పుస్తకాలు చదవండి" అని ఎవరో బెదిరిస్తే చెప్పినట్టు చెప్పింది. దాన్ని చూసిన పిన్ని ఫోన్ చేసి, "ఆవిడకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

అప్పుడు గిలక కన్ను గ్రంథాలయం ఆన్‌లైన్ కేటలాగు మీద పడింది. ఏ పుస్తకం ఉందో, ఎవరు రాశారో, ఏ నంబరు కింద ఉందో ఇంట్లోంచే చూసుకునే ఏర్పాటది. దాని సెట్టింగుల్లో, ఎవరూ తెరవని మూల, ఒక సౌకర్యం ఉంది. పాఠకులు ఒక మారుపేరు పెట్టుకుని, తాము చదివిన పుస్తకానికి తమ మాటల్లో ఒక ట్యాగు, అంటే చీటీలాంటి చిన్న మాట, తగిలించవచ్చు.

"లోకంలో ఉన్న జ్ఞానాన్నంతా విషయాలవారీగా పది కుప్పలుగా పోసి, పుస్తకానికో నంబరు ఇచ్చాక ఇంకా ఈ ట్యాగులెందుకు?" అంది మేడమ్.

"ఏడ్చి ఏడ్చి ఉన్నాను, కాస్త నవ్వించే పుస్తకం ఇవ్వండి అని ఎవరైనా వస్తే, ఏ నంబరు చూస్తారు మేడమ్?"

మేడమ్ నంబర్ల పట్టిక మొదట్నుంచి చివరిదాకా తిరగేసింది. "ఆ నంబరు లేదు," అని ఒప్పుకుని, సరే కానిమ్మంది.

ట్యాగులు మెల్లగా మొదలయ్యాయి. ఒక ప్రయాణాల పుస్తకానికి 'సెలవు దొరకనివాళ్ళు చదవొద్దు'. ఒక డిటెక్టివ్ నవలకి 'చంపింది డాక్టరే, మీ సమయం ఆదా చేశా'. దాని కిందే మరొకరు 'నిన్ను చంపేది నేను'. ఒక వంటల పుస్తకానికి 'ఈవిడ ఇంట్లో ఎవరికీ బీపీ లేనట్టుంది'. ఒక కథల సంపుటికి 'అత్తగారికి కనబడేలా పెట్టకండి'. జనం పుస్తకాల కోసం కాకపోయినా ట్యాగుల కోసం కేటలాగు తెరవడం మొదలుపెట్టారు. తెరిచినవాళ్ళలో కొందరు గ్రంథాలయానికి కూడా వచ్చారు. మేడమ్‌కి సభ్యత్వాల రశీదు పుస్తకం అయిపోయి కొత్తది తీయాల్సి వచ్చింది.

ఒకరోజు పొద్దున చైర్మన్‌గారి ఆత్మకథకి మొదటి ట్యాగు పడింది. 'మేలుకున్నావిడ' అనే పేరుతో ఎవరో రాశారు: 'నిద్రపట్టని వాళ్ళకి'.

ఆ మధ్యాహ్నానికి దాని కింద ఇంకొన్ని చేరాయి. 'తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవచ్చు'. 'చేతికొకటి చొప్పున రెండు తీసుకుంటే వ్యాయామం'. 'శిఖరం ఎక్కింది ఆయన, ఆయాసం నాకు'. ఎవరో ఆ పేజీని ఫోటో తీసి సోషల్ సైట్లలో పెట్టారు. ఊరంతా నవ్వుకుంది. నవ్వినవాళ్ళకి ఆ పుస్తకం నిజంగా అంత ఘోరంగా ఉంటుందా అని అనుమానం వచ్చింది. వారం తిరక్కుండా బీరువా ఖాళీ అయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి మేడమ్ వరుస నంబర్లు ఇచ్చింది. గ్రంథాలయం పుట్టాక ఒక పుస్తకం కోసం జనం ఎదురుచూడటం అదే మొదలు.

ఆ రోజుల్లోనే ఒకావిడ కౌంటర్ దగ్గరికి వచ్చింది. నెరిసిన జుట్టు, ముక్కు చివర కళ్ళద్దాలు, చేతిలో ఫోను. మేడమ్ పైఅంతస్తులో ఉంది.

"అమ్మాయ్, ఈ కేటలాగు నన్ను లోపలికి రానివ్వట్లేదు. పాస్‌వర్డ్ మర్చిపోయినట్టున్నా."

"పేరు చెప్పండి, మార్చిస్తాను."

"మేలుకున్నావిడ."

గిలక వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఆవిడ కాస్త ముందుకి వంగి, గొంతు తగ్గించి, "ఆయనకి మాత్రం చెప్పకు," అంది.

"ఎవరికండీ?"

"అదిగో, గోడ మీద నుంచి మనల్నే చూస్తున్నారుగా, ఆయనకి. రాసిన రోజుల్లో రోజుకో అధ్యాయం నాకే చదివి వినిపించేవారు. నేను మేలుకునుండటం ఆ ఇంట్లో ఒక ఉద్యోగమైపోయింది."

గిలక మాస్టారు చెప్పిన పాఠాల్లో అన్నీ మర్చిపోయింది గానీ ఒక్కటి మర్చిపోలేదు. పాఠకుడు ఏం చదివాడో, దాని గురించి ఏమనుకున్నాడో, గ్రంథాలయంలో పనిచేసేవాళ్ళు ఎవరికీ చెప్పకూడదు. రాజు అడిగినా, ఇంటావిడ అడిగినా చెప్పకూడదు. క్లాసులో విన్నప్పుడు అదేమంత కష్టమనిపించలేదు. ఇప్పుడు నోట్లో నువ్వుగింజ నానని పిల్లకి, ఊళ్ళోకెల్లా గొప్ప సంగతి గొంతులో అడ్డం పడింది. బస్సులో పెదాలు బిగించుకుని కూర్చుంది. ఇంట్లో అన్నం కెలికి లేచిపోయింది. వాళ్ళమ్మ అడిగి అడిగి లాభంలేక నాన్నతో, "దీనికి ఎవరో తగిలారండీ. ఇంత మౌనం ఊరికే రాదు," అంది.

చైర్మన్‌గారికి ముందు తెలిసింది సగమే. కాపీలన్నీ పోయాయి, జనం వరుస కట్టారు. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇంకో యాభై కాపీలు పంపుతానని మేడమ్‌కి ఫోన్ చేశారు. కనబడ్డవాళ్ళందరితో, "ఆలస్యమైనా జనం గుర్తిస్తారండీ," అన్నారు. కమిటీ సభ్యుడొకాయన జాలిపడో, సంబరపడో, ఫోన్ తీసి ఆయనకి మిగతా సగం చూపించాడు.

పది నిమిషాల్లో హారన్ వినబడింది. మేడమ్ కుర్చీ సర్దడం కూడా మర్చిపోయింది. చైర్మన్‌గారు అగ్గి మీద గుగ్గిలంలా లోపలికొచ్చి, చదువుకునే హాల్లో అందరి ముందూ కౌంటర్ మీద చెయ్యి వేసి కొట్టారు.

"ఎవరు వాడు? ఆడపేరు చాటున దాక్కుని ఆ మొదటిది రాసినవాడు! మిగతావాళ్ళంతా మందలో గొర్రెలు. నాకు వాడు కావాలి."

"వాడు" అన్న మాట విని గిలకకి నవ్వొచ్చింది. బిగబట్టుకుంది.

"చెప్పకూడదండీ," అంది.

"ఏమ్మా, నేనెవరో తెలుసా?"

"తెలుసండీ. ఫోటో కింద రాసుంది."

మేడమ్ మొహం సున్నం కొట్టినట్టయింది. చైర్మన్‌గారు ఆవిడ వైపు తిరిగి, సాయంత్రంలోగా పేరు బయటికి రాకపోతే కేటలాగు మూయించేస్తానని, ఈ పిల్ల మళ్ళీ గుమ్మం తొక్కడానికి వీల్లేదని, కాలేజీకి కూడా ఉత్తరం రాస్తానని అన్నారు. ప్రాక్టికల్స్ పోతే గిలకకి ఏడాది పోతుంది. పేరు నాలుక చివరే ఉంది. ఒక్కసారి నోరు తెరిస్తే చాలు. జీవితమంతా అక్కర్లేనిచోట తెరిచిన నోరే అది.

"నన్ను పంపించేయండి, ఫరవాలేదు," అంది చివరికి. "రేపు మీరేం చదువుతున్నారని ఎవరైనా వచ్చి అడిగినా, నేనిలాగే చెప్పను."

సరిగ్గా అప్పుడే, పత్రికల బల్ల దగ్గర తెరిచి పట్టుకున్న పేపరొకటి కిందికి దిగింది. దాని వెనకాల ఆయన భార్య ఉంది.

"ఆ పిల్లనెందుకండీ అరుస్తారు? నేనే రాశాను."

పేపర్లు చదివేవాళ్ళంతా పేపర్లు అలాగే పట్టుకుని చెవులు మాత్రం ఇటు తిప్పారు. చైర్మన్‌గారు ఆవిడని చూశారు, గోడ మీద తన ఫోటోని చూశారు, అక్కడ కూడా సాయం దొరక్క మళ్ళీ ఆవిడనే చూశారు.

"నువ్వా? ప్రతి అధ్యాయానికీ బాగుంది, బాగుంది అన్నావుగా!"

"బాగుంది అంటే ఆపేస్తారనుకున్నా. మీరేమో ఇంకోటి మొదలుపెట్టేవారు."

"ఎక్కడ బాలేదో చెప్పు. చెప్పు!"

"మీ తాతగారి గుర్రం. నలభై పేజీలు. ఏమండీ, ఆ గుర్రం కూడా అంతసేపు బతకలేదు."

ఎవరో దగ్గినట్టు నవ్వారు. చైర్మన్‌గారు కుర్చీ లాక్కుని కూలబడ్డారు. కోపం పోయింది. దాని చోట వచ్చిన మొహం చూడలేక గిలక కీబోర్డు తుడవడం మొదలుపెట్టింది.

"అయితే అంతా చెత్తేనా?" అన్నారాయన, ఈసారి మెల్లగా.

"నేనలా అన్నానా? రెండో ట్యాగు కూడా రాశాను. ఈ అల్లరిలో ఎవరూ చూడలేదు. అమ్మాయ్, చదువు."

గిలక తెర కిందికి జరిపి చదివింది. 'మేలుకున్నావిడ: ఏడో అధ్యాయం ఒక్కటీ చదవండి. అది చదివిన రాత్రి నాకు నిజంగానే నిద్రపట్టలేదు.'

ఏడో అధ్యాయం చిన్నది, ఆయన భార్యకి చదివి వినిపించకుండా దాటేసింది అదొక్కటే. పెళ్ళయిన కొత్తలో చైర్మన్‌గారు వాళ్ళ వీధి సంఘానికి కార్యదర్శిగా పోటీ చేశారు. ఇల్లిల్లూ తిరిగారు. ఆయనకి పడింది ఒకే ఒక్క ఓటు. అది ఆయన వేసుకున్నదే. ఇంటికొచ్చి ఎవరికీ మొహం చూపించలేక మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనకాల కూర్చున్నారు. చివర్న ఇలా రాశారు: 'మా ఇంట్లో ఓట్లు రెండు. నాకు పడింది ఒకటి. ఇన్నేళ్ళలో ఆ విషయం నా భార్యని అడిగే ధైర్యం రాలేదు.'

చైర్మన్‌గారు తల ఎత్తలేదు. "ఇప్పుడడుగుతున్నా," అన్నారు. "ఎవరికేశావు?"

"అసలు వేయలేదు. దారిలో చెప్పు తెగింది, వెనక్కి వచ్చేశాను."

"చెప్పా?"

"చెప్పే. కొత్త కోడలు ఒంటి చెప్పుతో వీధిలో ఎలా నడుస్తుందండీ? అడిగితే ఆరోజే చెప్పేదాన్నిగా. దానికోసం తొమ్మిది వందల పేజీలు రాయాలా?"

ఈసారి హాలంతా నవ్వింది. ముందు చైర్మన్‌గారు నవ్వలేదు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇరవై తొమ్మిదేళ్ళు," అన్నారు. "చెప్పు!" అని, ఇంకా నవ్వారు. లేచి కారెక్కబోతూ వెనక్కి తిరిగి, కేటలాగు మూయొద్దని మేడమ్‌కి సైగ చేశారు.

ఆ తర్వాత జనం ఏడో అధ్యాయం కోసమే వచ్చారు. చదివినవాళ్ళు తమ ఓటమి ఒకటి ట్యాగుగా రాసి పోయేవాళ్ళు. 'నాకు రెండు ఓట్లు పడ్డాయి, రెండోది పొరపాటున' అన్నది అందరికీ తెగ నచ్చింది. గిలక ఇదంతా రిపోర్టులో రాసింది, పేర్లు లేకుండా. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, మంచి మార్కులు వేసి, తన నోట్సులోంచి చచ్చిపోయిన సైటు ఒకదాన్ని గిలక ముందే ఎర్ర సిరాతో కొట్టేశారు. మిగతావి వచ్చే ఏడాది చూద్దామన్నారు.

పుస్తకాన్ని చిన్నది చేసి మళ్ళీ అచ్చు వేయిద్దామని చైర్మన్‌గారికి భార్యే చెప్పింది. ఇంట్లో అయితే ఫోన్లు మోగుతాయని ఇద్దరూ రోజూ గ్రంథాలయానికే వచ్చి, మూల బల్ల దగ్గర కూర్చుని, పేజీలు కొట్టేస్తున్నారు. ఆవిడ గీత గీస్తుంది, ఆయన పోట్లాడతారు.

"ఇది చరిత్రే!"

"ఎవరికండీ? గుర్రానికా?"

ఒకనాడు ఆ గొడవ మరీ పెద్దదై, చదువుకునేవాళ్ళు తలెత్తి చూశారు. మేడమ్ కౌంటర్ లోంచి లేచింది. చీర కొంగు సర్దుకుని, హాలు దాటి, మూల బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"సార్," అంది. "ఇది గ్రంథాలయం. నెమ్మదిగా మాట్లాడుకోండి."

చైర్మన్‌గారు ఆవిడ వైపు ఒక క్షణం చూసి, "సారీ మేడమ్," అన్నారు, గొంతు తగ్గించి.