పై ఎనిమిది అంకెలు

“కాలర్ సరిగ్గా రాలేదు, మళ్లీ చెయ్యి,” అని చొక్కా నా చేతుల్లో పడేసి ఆయన స్నానానికి వెళ్లారు. పదకొండింటికి మీటింగ్. ఆసుపత్రి వార్డులో బొట్టు బొట్టుగా మందు ఎక్కించే పంపులన్నిటినీ ఒకే కంప్యూటర్ నడుపుతుంది. దాని కొత్త ప్రోగ్రామ్ విడుదలకు ఆయన సంతకం పెట్టాలి.

ఇస్త్రీ బల్ల చివర ఆయన లాప్‌టాప్. బిడ్డ పుట్టాక నేను ఉద్యోగం మానేశాను గానీ పని మానలేదు. ఆరేళ్లుగా ఆయన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టేది నేనే. “ప్రతిదానికీ నన్నడగాలా? నా లాగిన్‌లోంచి పంపెయ్,” అంటారు. “మావాడి బుర్ర పాదరసం,” అంటారు అత్తయ్య, నేను కలిపిచ్చిన కాఫీ తాగుతూ.

వార్డులోని పాత కంప్యూటర్ ముప్ఫై రెండు బిట్లది, ఇప్పుడు పెడుతున్న కొత్తది అరవై నాలుగు. మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే చిరునామాకు పాతదానిలో ఎనిమిది అంకెలు, కొత్తదానిలో పదహారు. ఆయన మాత్రం ఏనాడో రాసుకున్న పాత స్క్రిప్టుతోనే పరీక్షించారు. అది చివరి ఎనిమిదే చూపిస్తుంది. అంతా బాగుందన్నారు. నేను తప్పులు వెతికే కొత్త డీబగ్గర్ పెట్టి నిన్నటి నుంచి నడవనిచ్చాను. ఇరవయ్యో గంటలో, మెమరీ నిండి చిరునామా ఎనిమిది అంకెలు దాటగానే, ఆయన కోడ్ ముందుండే పై ఎనిమిది అంకెల్ని కోసేసింది. మూడో పడక పంపు ఏడో పడక మోతాదు చదివింది.

తల తుడుచుకుంటూ వచ్చిన ఆయనకు చూపించాను.

“వచ్చే వెర్షన్‌లో చూద్దాంలే.”

“ఒకరి మందు ఇంకొకరి లెక్కన ఎక్కుతుందండీ. ఆపండి.”

“పరీక్ష చేసింది నేను. ఇప్పుడు ఆపితే నా పరువేం కావాలి? అయినా అక్కడ నువ్వెవరు?”

హాల్లోంచి అత్తయ్య అందుకున్నారు. “మొగుడి తప్పులు ఏరడానికేనా తల్లీ, మీవాళ్లు నిన్నంత చదివించింది?”

అక్కడ నేనెవరు? ఆ ప్రశ్న ఇస్త్రీపెట్టెకన్నా వేడిగా తగిలింది. నిజమే, ఆ ఆఫీసులో నా పేరు లేదు. నేను ఫోన్ చేస్తే, భర్తతో గొడవపడిన ఇల్లాలనుకుంటారు. మూడో పడకలో ఎవరుంటారో నాకు తెలియదు. ఎవరి తల్లో, ఎవరి బిడ్డో. వాళ్లకూ నేను తెలియదు.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆయన లాప్‌టాప్‌లో టైప్ చేశాను. ‘విడుదల ఆపండి. నా పరీక్ష తప్పు. పూర్తి చిరునామాలు కనిపించే స్క్రీన్‌షాట్ జత చేశాను.’ టీమ్ మొత్తానికీ, ఆసుపత్రికీ పంపాను.

“చొక్కా అయిందా?” లోపలి గదిలోంచి ఆయన కేక.

“అయిందండీ.”

ఆరేళ్లుగా నేను పట్టిన తప్పులన్నీ ఆయన పేరుతోనే వెళ్లాయి. ఇదీ అలాగే వెళ్లింది.